దాటకూడని బాణం

మనిషి నిప్పును కనిపెట్టాడు, చక్రాన్ని కనిపెట్టాడు, ఆపైన చేసేదేమీ లేక ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు బాణం గీయడం కనిపెట్టాడు. ఆస్పత్రిలో ల్యాబు కంప్యూటరు సంగతి డాక్టరు కంప్యూటరుకు తెలియాలంటే ఇప్పుడు ప్రోగ్రాం రాయనక్కర్లేదు. తెరమీద ల్యాబు ఒక పెట్టె, డాక్టరు ఒక పెట్టె, మధ్యలో మౌసుతో బాణం లాగితే సరి. చిన్నపిల్లలు కూడా చేయగలరని కరపత్రంలో ఉంది (చిన్నపిల్లలకు పై అధికారి సంతకం అక్కర్లేదు).

ఆ బాణాలు గీసే ఇంజనీరమ్మకు ఆరోజు పనిమీద ఎన్నడూ లేని శ్రద్ధ పుట్టింది. పై అంతస్తు వార్డులో ఆమె బావ పొద్దుటినుంచి ఏమీ తినకుండా పడుకుని ఉన్నాడు. రక్తపరీక్ష ఫలితం డాక్టరుగారి తెరమీద కనబడితేగాని తిండి పెట్టకూడదు. పాత ఏర్పాటును నిన్ననే పీకేశారు. ఆమె గీసిన కొత్త బాణాల బొమ్మ ఇంకా సంతకానికి నోచుకోలేదు.

ఆమె ల్యాబుకు వెళ్లి ఫలితం చేతికిమ్మని అడిగింది.

"కాగితం మీద కావాలంటే ఇస్తానమ్మా," అన్నాడు ల్యాబాయన. "కానీ అది ఫలితం కాదు, కాగితం."

అంతలో అక్క ఫోను.

"ఏమే, ఆ గీతేదో గీశావా? మీ బావ పక్క మంచం వాళ్ల బిస్కెట్ల వంకే చూస్తున్నారు. నాకు సిగ్గేస్తోంది."

"గీశానక్కా. సంతకం కావాలి."

సంతకం బాణాల పర్యవేక్షణాధికారిది. ఆయన బొమ్మను ప్రింటు తీయించి, చేయి చాచి దూరంగా పట్టుకుని చూశారు.

"మీ ల్యాబు బాణం, వార్డు నుంచి వంటగదికి పోయే బాణాన్ని దాటుతోందమ్మా. ఏడో నిబంధన ఒప్పుకోదు."

"దాటినా ఏం కాదండీ. లోపల రెండూ దేని దారిన అవి పోతాయి."

"లోపల సంగతి నాకెందుకు? నేను చూసేది బొమ్మ."

ఆమె బాణాన్ని కాగితం అంచు చుట్టూ తిప్పింది. మరీ పొడుగైందన్నారు. పెట్టెలు తారుమారు చేసింది. డాక్టరుగారిని ల్యాబు కింద కూర్చోబెడతారా అని ఆయన నొచ్చుకున్నారు. ఆమెకు ఒళ్లు మండింది. బావ ముఖం గుర్తొచ్చి జాలీ వేసింది. ఎలాగైనా ఆ మనిషి నోట్లో నాలుగు మెతుకులు పడాలన్న ఆత్రంలో, రేపు మళ్లీ పెట్టుకోవచ్చులే అనుకుని, వంటగది బాణాన్ని చెరిపేసింది.

"ఇప్పుడు కళగా ఉంది," అంటూ ఆయన సంతకం పెట్టేశారు.

నిమిషంలో ఫలితం డాక్టరుగారికి చేరింది. ఆయన తినమన్నారు. నర్సు తన కంప్యూటరులో భోజనం అని నొక్కింది. అరగంటకు మళ్లీ అక్క ఫోను.

"తినమన్నారు సరే, తినడానికేదే?"

ఇంజనీరమ్మకు తాను చెరిపేసిన బాణం గుర్తొచ్చింది. వంటగదికి పరుగెత్తింది. గిన్నెలన్నీ నిండుగా ఉన్నాయి. వంటాయన చేతులు కట్టుకుని తెర చూపించాడు.

"ఇవాళ ఎవరికీ ఆకలి లేదమ్మా. చూడండి, సున్నా."

ఆమె మళ్లీ అధికారి గదికి పోయేసరికి బొమ్మకు అద్దం బిగిస్తున్నారు. అద్దం బిగించాక మార్పులుండవట (పదకొండో నిబంధన).

సాయంత్రం నోటీసు బోర్డులో అభినందనలు అంటించారు: ఆస్పత్రిలో ఆకలి మొదటిసారిగా సున్నాకు దిగింది. ఆ సంగతి చదవడానికి వార్డుల్లోని రోగులంతా ఖాళీ కంచాలతో వరుసకట్టారు, అందరికంటే ముందు బావ.