కక్ష్యలో కొలాచీ

ఆ పొద్దున అల్విన్ హ్రుస్కా వేసుకున్న లెక్క చిన్నది. కాఫీ తాగాలి, అంతరిక్షంలోని షటిల్ నుంచి దిగే మొదటి ఎలక్ట్రానిక్ ఫోటో మసకగా ఉండటం చూడాలి, తన గదికి తిరిగెళ్లాలి. హ్యూస్టన్‌లో షటిల్ ఫిల్ములు కడిగే గదికి అతడే పెద్ద. ఫిల్మ్ అక్కర్లేని కెమెరా ఒకటి ఈసారి పైకి వెళ్లింది. అది నెగ్గితే గదికి తాళం, ఓడితే ఇంకొన్నేళ్లు గిరాకీ.

నలుపు తెలుపు బొమ్మ తెర మీద గీత గీతగా దిగింది. గుండ్రటి గట్టు, మధ్యలో నల్లటి గుంట, చుట్టూ పగుళ్లు.

"అగ్నిపర్వతం," అన్నాడు భూగర్భ శాస్త్రవేత్త మీకర్, కుర్చీలోంచి లేస్తూ. "గుంట ఇంకా తడిగా మెరుస్తోంది, లావా అది. ఈ పక్క అంచు కూలిపోయింది చూశారా? పేలి ఎంతోకాలం కాలేదు."

అల్విన్ కాఫీ కప్పు కింద పెట్టాడు. ఆ కూలిన అంచు తన పంటిగాటు.

ప్రయాణానికి ముందు కెమెరాను పరీక్షించమని అతడికే ఇచ్చారు. బల్ల మీదున్న ఫలహారాన్ని ఫోటో తీశాడు. తర్వాత ఫోటోలుండే డిస్కు తుడిచెయ్యమన్నారు. ఒకసారి వెలుగు పడ్డ బొమ్మను, అడిగినవాళ్లు చూడకముందే నాశనం చేయడం అతడి వృత్తిలో మహాపాపం. చేతులు రాలేదు. డిస్కు అలాగే పైకెళ్లింది. పైనున్నవాళ్లు ఉన్నవన్నీ చూడకుండానే కిందికి పంపారు.

"ఎక్కడిది?" అంది విభాగాధిపతి లొరైన్ టిడ్వెల్.

"కమ్చట్కా వైపు కొండల్లో ఒకటి అనుకుంటా," అన్నాడు మీకర్.

"కింద ఊళ్లున్నాయా?"

"ఉంటే ఈపాటికి ఉండవు."

లొరైన్ ఫోను అందుకుంది. "విమానాలకు హెచ్చరిక పంపిద్దాం. షటిల్‌ను తిప్పి మళ్లీ తీయమందాం."

అల్విన్ తూచి చూసుకున్నాడు. నోరు మూసుకుంటే పరువు పోయేది ఆ కెమెరాదే. కానీ తిప్పితే ఖర్చయ్యేది పైనున్నవాళ్లు ఇల్లు చేరాల్సిన ఇంధనం. ఆ బేరం అతడికి గిట్టలేదు.

"తిప్పకండి మేడం. అది ప్లమ్ కొలాచీ."

"ఏంటి?"

"నా ఫలహారం. మధ్యలో పండు గుజ్జు పెట్టిన తీపి రొట్టె. కొంచెం కొరికాను."

"మరి పగుళ్లు?" అన్నాడు మీకర్, ఆశ చావక.

"మా వదిన చేసింది. పిండి పొంగలేదు."

పోతే తన ఉద్యోగం పోతుంది, రొట్టెను పర్వతంగా చూపించిన ఆ కెమెరా కూడా తోడొస్తుంది, చెల్లుకు చెల్లు అనుకున్నాడు అల్విన్. లొరైన్ ఫోను పెట్టేసి తెర దగ్గరికి నడిచింది.

"ఈ చుక్కలేంటి?"

"గసగసాలు మేడం."

"ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తోంది." ఒక చుక్క మీద వేలు పెట్టింది. "పైనుంచి వచ్చాక కూడా. ఇదే ఫిల్మ్ అయితే షటిల్ దిగేదాకా ఆగాలిగా?"

"ఆగాలి."

"మంచి పరీక్ష పెట్టావయ్యా అల్విన్. ఇంతకంటే రుజువేం కావాలి?"

అతడికి మెచ్చుకోలు దక్కింది. అతడి గదికి మరుసటి వసంతంలో తాళం పడింది. వీడ్కోలుకు మీకర్ ఒక పెట్టెడు ప్లమ్ కొలాచీలు తెచ్చాడు. అల్విన్ ఒకటి తీసుకుని, చుట్టూ ఎవరి దగ్గరా కెమెరా లేదని చూసుకుని, కొరికాడు.