చెవిలో ఆఫీసు, చేతిలో పిల్ల

ఇయర్‌ఫోన్ కనిపెట్టిన మహానుభావుడికి తండ్రులందరం చందాలేసుకుని విగ్రహం పెట్టించాలి! నవ్వకండి. నేను సీరియస్‌గానే చెబుతున్నాను.

వెనకటి తండ్రుల అవస్థ తలుచుకుంటేనే జాలేస్తుంది. మా నాన్న ఆఫీసులో ఉంటే ఆఫీసులోనే ఉండేవాడు. ఇంటికొస్తే ఇంట్లోనే ఉండేవాడు. కుర్చీలో కూర్చుని, మేం చెప్పే సొదంతా మా మొహాల్లోకి చూస్తూ వినేవాడు. ఒక మనిషి, ఒకేసారి, ఒకే చోట! ఎంత దుబారా!

నేనలా కాదు. సాయంత్రం మా అమ్మాయిని పార్కుకి తీసుకెళతాను. దాని అసలు పేరు స్కూలు రికార్డుల్లోనే ఉంది, ఇంట్లో మాత్రం అది పిడుగు. కుడి చెవిలో కంపెనీ, ఎడం చెయ్యి పట్టుకుని పిడుగు. నేను సీట్లోనే ఉన్నానని మా మేనేజరు నమ్మకం. నేను పార్కులోనే ఉన్నానని పిడుగు నమ్మకం. ఇద్దరి నమ్మకాన్నీ నిలబెడుతున్న నన్ను మించిన సత్యసంధుడు ఎవరుంటారు చెప్పండి?

ఇందులో చిన్న చిన్న పొరపాట్లు జరుగుతాయి, కాదనను. ఓసారి మ్యూట్ నొక్కడం మరిచిపోయి, “ముందు ముక్కులోంచి వేలు తియ్యి!” అని గట్టిగా అరిచాను. ఫోన్ స్క్రీన్ మీద మా మేనేజరు మెల్లగా చెయ్యి కిందకి దించాడు. ఆ రోజు నుంచీ నేనంటే ఆయనకి ఎక్కడలేని గౌరవం!

ఇక నా అసలు ఆవిష్కరణ బొటనవేలు. చెవిలో కాల్ నడుస్తుండగా నోరు విప్పి పిల్లకి జవాబివ్వడం కుదరదు కదా? అందుకని వేలు పైకెత్తుతాను. “నాన్నా, నా బొమ్మ బాగుందా?” వేలు. “నాన్నా, ఆకలేస్తోంది.” వేలు. “నాన్నా, చెప్పు కాలవలో పడిపోయింది.” దానికీ వేలే! పాపం, పిల్ల ఎంత సర్దుకుపోయిందంటే, ఈమధ్య జవాబుకి వేలు సరిపోని ప్రశ్నలు అడగడమే మానేసింది. “ఎందుకు?” అనే మాట దాని నోట విని చాలా కాలమైంది. పిల్లల ప్రశ్నలతో వేగలేక తలలు పట్టుకునే తల్లిదండ్రులారా, ఈ చిట్కా మీకు ఉచితం.

మా ఆవిడ మాత్రం నా ప్రతిభని ఒప్పుకోదు.

“మీరు దాన్ని పార్కుకి తీసుకెళుతున్నారా, అది మిమ్మల్ని మీటింగుకి తీసుకెళుతోందా?” అంటుంది.

ఏం చేస్తాం? ఇంట్లోవాళ్ళకి మన విలువ తెలియదు.

మొన్న సాయంత్రం జరిగిన సంగతే వినండి. ఆ రోజు మీటింగు మామూలుది కాదు. ‘ఉద్యోగం చేస్తూ కుటుంబానికి దగ్గరగా ఉండటం ఎలా?’ అన్న అంశం మీద మా మేనేజరు ఉపన్యాసం. ఆఫీసు టైము అయిపోయాకే. హాజరు తప్పనిసరి. నేను శ్రద్ధగా వింటూ, పార్కులో చెట్ల వైపు తిరిగి పచార్లు చేస్తున్నాను. వెనక, పిల్లలు ఎక్కే ఇనప కమ్మీల మీద, అన్నిటికన్నా పైన, పిడుగు.

“నాన్నా, ఇక్కణ్ణించి దూకనా?”

వేలెత్తాను.

పిల్ల క్రమశిక్షణ చూడండి! నాన్నని అడక్కుండా దూకలేదు. అనుమతి వచ్చాకే దూకింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ దాని మణికట్టు పట్టుకుని చూసింది. ఎముక చిట్లినట్టుంది, ఎక్స్‌రే తియ్యాలంది. పిడుగు పెదవి బిగబట్టి కూర్చుంది, ఏడవలేదు. డాక్టరమ్మ నా వైపు తిరిగింది.

“పడ్డప్పుడు ఎవరున్నారు?”

“నేనేనండీ! పక్కనే ఉన్నాను,” అన్నాను. ఇలాంటప్పుడు తండ్రి పక్కనుండటం ఎంతమందికి దొరుకుతుంది?

“అయితే చెప్పండి. తల నేలకి కొట్టుకుందా? కాసేపైనా స్పృహ తప్పిందా?”

ప్రశ్న చిన్నదే. తలకి దెబ్బ తగిలిందో లేదో, అంతే. అక్కడే ఉన్న ఏ మనిషైనా ఠక్కున చెప్పగలిగేది. నేను నా కూతురి తల వైపు చూశాను. జుట్టులో ఇసుక ఉంది. అది ఎప్పుడు అంటుకుందో నాకు తెలియదు.

“చెప్పండి, పక్కనే ఉన్నానన్నారుగా?”

నా ఇబ్బంది పిడుగు కనిపెట్టింది. బాగున్న చేత్తో నా చొక్కా పట్టుకుని, డాక్టరమ్మకి తనే జవాబు చెప్పింది.

“తల తగల్లేదు ఆంటీ. చెయ్యే తగిలింది. నాన్నని అడక్కండి, నాన్నకి తెలీదు. అప్పుడు నాన్న ఆఫీసులో ఉన్నాడు.”

అందులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. ఉన్నా బాగుండేది. నన్ను వెనకేసుకొచ్చింది, అంతే. నేను అక్కడ లేను కాబట్టి తప్పు నాది కాదని దాని వాదన.