ఊరు తిరిగిన పెట్టె

ఆ బక్రీద్ పొద్దున గితే పథకం బహు చిన్నది. అవ్వ ఇంటికి వెళ్ళాలి, పెట్టె ఇవ్వాలి, పెట్టింది తినాలి, జలుబుతో పడుకున్న భార్య దగ్గరికి తిరిగి రావాలి. చైనాలోని ముస్లింల ఊరు లిన్‌షియాలో వీధికి సగం మంది ఇంటిపేరు 'మా'. అక్కడ 'మా అవ్వ' అంటే చుట్టరికం కాదు, చిరునామా. కొరియా నుంచి వచ్చిన గితేకి మాత్రం ఆవిడ అచ్చంగా మా అవ్వే. ఊరుగాని ఊళ్ళో అద్దెకిల్లిచ్చి, జ్వరమొస్తే గంజి కాచి పోసిన మనిషి.

అవ్వ వడ్డించిన గొర్రె మాంసం మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే ఫోన్ మోగింది.

"ఏమండీ, ఏ పెట్టె పట్టుకెళ్ళారు?"

"ఎర్రగుడ్డ చుట్టింది."

"రెండూ ఎర్రగుడ్డవే! అవ్వకివ్వాల్సిన సముద్రపు నాచు పెట్టె ఇక్కడే ఉంది!"

ముక్క గొంతులోనే మకాం వేసింది. రెండో పెట్టె నిండా పంది మాంసం డబ్బాలు! కొరియాలో పండగొస్తే కంపెనీలు ఆప్యాయంగా పంచే కానుక. దాన్ని బక్రీద్ నాడు, నమాజు చేసొచ్చిన అవ్వ చేతిలో పెట్టాడు. ఇక ఆ గుమ్మం తనకి జన్మలో తెరుచుకోదు. గితే అరుగు వైపు చూశాడు. పెట్టె లేదు.

"అవ్వా, నా పెట్టె..."

"మా అక్క ఇంటికి పంపాను బాబూ. పండగ పెట్టె ఒక్కచోట నిలుస్తుందా?"

గితే కడుపునొప్పని చెప్పి పరుగెత్తాడు. అక్క గుమ్మంలోనే పట్టేసింది.

"పండగ పూట తినకుండా పోతావా? కూర్చో!"

తిన్నాడు. అడిగాడు.

"పెట్టెనా? దర్జీ వాళ్ళింటికి వెళ్ళింది. ఎందుకు నాయనా?"

"వెనక్కి కావాలండీ."

అక్క మొహం జాలితో కరిగిపోయింది. ఇచ్చిన కానుక తిరిగి అడిగాడంటే ఇంట్లో పొయ్యి వెలగడం లేదన్నమాట! ఒక గొర్రె తొడ అతని చేతిలో పెట్టి, అవ్వకి ఫోన్ కొట్టింది. "ఉద్యోగం ఊడినట్టుంది చెల్లీ! పైకి చెప్పుకోలేక చస్తున్నాడు."

పాదాల కన్నా వార్త వేగం. గితే చేరేసరికి దర్జీ కళ్ళు తుడుచుకుంటూ పళ్ళెం సిద్ధంగా పెట్టుకుని ఉన్నాడు. "మొహమాటపడకు తమ్ముడూ, మూటకట్టుకో!" అని వేయించిన రొట్టెల సంచీ మెడకి తగిలించాడు. పెట్టె ఇమామ్ గారింటికి వెళ్ళిందట. పోయి పోయి ఇమామ్ గారింటికా!

అక్కడికి చేరేసరికి వీధి వీధంతా ఇమామ్ గారి వాకిట్లో ఉంది. అవ్వ ముందుకొచ్చి గడ్డం పట్టుకుంది.

"ఆకలేస్తే నాకు చెప్పకూడదట్రా? నేను చచ్చాననుకున్నావా?"

తిడితే తట్టుకునేవాడు, ఏడిస్తే తట్టుకోలేకపోయాడు. తొడ చంకన పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని అరిచేశాడు.

"ఆకలి కాదవ్వా! ఆ పెట్టెలో ఉన్నది పంది మాంసం! చూసుకోకుండా తెచ్చాను. నన్ను గెంటెయ్యండి!"

ఇమామ్ గారు టీ గిన్నె మూత మెల్లగా తీసి, ఒక గుక్క తాగారు.

"అదా సంగతి! గుడ్డ విప్పితే ఏవో అక్షరాలు. చదవలేని డబ్బా మేం తినం నాయనా. అవ్వ చదవలేక అక్కకి పంపింది, అక్క దర్జీకి, దర్జీ నాకు. చదవగలిగిన ఇల్లు ఊళ్ళో మీదొక్కటే. ఇందాకే మీ ఆవిడకి పంపించాను."

"మరి నాకు చెప్పలేదేం అవ్వా?"

"నువ్వు చిన్నబుచ్చుకుంటావని! నువ్వెందుకు చెప్పలేదురా?"

"నువ్వు గుమ్మం ఎక్కనివ్వవని!"

"పిచ్చి సన్నాసీ! పెట్టె పొరపాటైతే మనిషి పొరపాటవుతాడా?" అంటూ అవ్వ నెత్తిన ఒక్కటిచ్చింది. వాకిలంతా పడీపడీ నవ్వింది.

ఇమామ్ గారి భార్య నిండు పళ్ళెం తెచ్చి అతని ముందు పెట్టింది. "గుండె తేలికపడింది కదా, ఇప్పుడు నింపాదిగా తిను."

తేలికపడింది గుండె ఒక్కటే.