ముఖద్వారానికి కట్టిన తాడు

పొద్దున్నే పడవెక్కి దీవిలోని పాత ఊరు చూసి, సాయంత్రానికి తిరిగి రావాలని నలుగురూ అనుకున్నారు. తిరుగు పడవ ఒక్కటే. అందుకే పెద్దావిడ లాడ్జి బాల్కనీలో బట్టలారేసిన తాడును క్లిప్పులతో సహా విప్పి సంచిలో వేసుకుంది. తనవాళ్ళను సాగనంపుతూ, స్టేషన్లలో కదిలిపోయే రైళ్ళకు చెయ్యి ఊపీ ఊపీ విసిగిపోయిన మనిషి. ఈసారి తనూ, భర్తా, కూతురూ, అల్లుడూ ఒకే పడవలో వెళ్ళాలి, ఒకే పడవలో రావాలి. అంతే.

"దీన్ని పట్టుకునే నడవాలి అందరూ," అంది దీవిలో దిగగానే.

"మనుషులమా, మేకలమా అత్తయ్యా?" అన్నాడు అల్లుడు.

"మేకలైతే నాకింత దిగులుండదు నాయనా. తప్పిపోతే అరుస్తాయి."

కూతురు రాజీ కుదిర్చింది. ఊరి ముఖద్వారానికి తాడు కడితే, ఎవరు తప్పిపోయినా అక్కడికే వస్తారు. పెద్దావిడ దూరానికి కనబడేలా ఈ స్తంభం నుంచి ఆ స్తంభానికి అడ్డంగా కట్టి, లాగి చూసి, ఇంకో ముడి వేసి నిశ్చింతగా లోపలికి నడిచింది.

వెనకాల వచ్చిన జంట తాడు చూసి ఆగింది. వాళ్ళను చూసి ఇంకొందరు ఆగారు. "లోపలేదో బాగుచేస్తున్నారట," అన్నారెవరో. కాఫీ తాగి వచ్చిన కాపలాదారుకు తాడు సంగతి తెలియదు. తెలియదని చెప్పుకోలేక కుర్చీ వేసుకు కూర్చున్నాడు.

సాయంత్రం నలుగురూ తిరిగొచ్చేసరికి తాడు అవతల చాంతాడంత వరస.

"ఇటు దారి లేదు. తాడు కనబడట్లేదా?" అన్నాడు కాపలాదారు.

"ఆ తాడు మాదేనయ్యా," అన్నాడు పెద్దాయన.

"అందరూ అదే అంటారు. వెనక గేటుకెళ్ళండి."

ఊరంతా చుట్టి, రొప్పుతూ రేవుకు చేరారు. పడవ ఉంది. అందులో ఒక్క మనిషీ లేడు. నడిపేవాడూ లేడు.

"మనల్ని వదిలేసి పోయారే," అంది పెద్దావిడ.

"పడవ వదిలేసి ఎక్కడికి పోతారమ్మా?" అంది కూతురు.

అల్లుడు వెతికొస్తానన్నాడు. ఆవిడ ఒంటరిగా పంపలేదు. నలుగురూ బయటి దారిన ముఖద్వారానికి నడిచారు. వరస చివర పడవవాడు నిలబడి ఉన్నాడు.

"నువ్విక్కడేం చేస్తున్నావయ్యా?" అన్నాడు పెద్దాయన.

"నా జనమంతా ఇక్కడే ఉన్నారండీ. పిలుద్దామనే వచ్చా. పొద్దుట్నుంచీ నిలబడ్డారంటే ఏదో ఊరికే ఇస్తున్నారేమోనని..."

పెద్దావిడ ఎవరినీ అడగలేదు. జనాన్ని తోసుకుంటూ వెళ్ళి, ముడులు విప్పి, తాడు చుట్టుకుంది. ఆ ధీమా చూసి కాపలాదారు లేచి నిలబడ్డాడు.

"పడవ వేళైంది, పదండి," అంది. వరసంతా వెనక్కి తిరిగి ఆవిడ వెంట నడిచింది. అల్లుడు తనే వచ్చి తాడు కొస పట్టుకున్నాడు.

పడవ కదులుతుంటే కాపలాదారు ఒడ్డుదాకా వచ్చి వినయంగా అడిగాడు: "అమ్మా, రేపు ఎన్నింటికి కడతారు?"