ఇన్‌స్పెక్టర్ గారి ఆకలి పోయింది

ఆ సోమవారం ఉదయం తూనికలు కొలతల ఇన్‌స్పెక్టర్ పెట్టుకున్న పనులు మూడే. పొట్ట మీద ఇంజెక్షన్ పొడుచుకోవడం, మధ్యాహ్నం క్యాంటీన్‌లో అన్నం తూచుకుని తినడం, సాయంత్రం మార్కెట్ వీధిలో నడవడం. వీటిలో దేనివల్లా ఊరికి ఏ ఇబ్బందీ ఉండదనే ఆయన అనుకున్నాడు.

ఆయనకు యాభై మూడేళ్ళు, నూట పద్దెనిమిది కిలోలు. ఊళ్ళో ప్రతి కాటానూ పట్టి పట్టి చూసే మనిషి, తను మాత్రం నాలుగేళ్ళుగా ఏ కాటా ఎక్కలేదు. భార్య పోయి కూడా నాలుగేళ్ళే. చివరికి మోకాళ్ళు మొరాయించి, మెట్ల దగ్గర ఊపిరి అందక డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే, ఆవిడ పరీక్షలన్నీ చేయించి, వాళ్ళింట్లో ఎవరికి ఏ జబ్బులున్నాయో అడిగి, అప్పుడు చీటీ రాసింది.

"తిన్నాక మన పేగుల్లో ఒక హార్మోన్ పుడుతుందండీ. 'చాలు, ఇక ఆపు' అని మెదడుకి కబురు చేస్తుంది. ఈ మందు అచ్చం దానిలాగే నటిస్తుంది. కడుపు కూడా నిదానంగా ఖాళీ అవుతుంది. దాంతో ఆకలి తగ్గుతుంది. వారానికి ఒక్కసారి చేసుకోవాలి. ముందు చిన్న డోసు, నాలుగు వారాలయ్యాక చూసి పెంచుదాం. మొదట్లో కాస్త వికారం ఉండొచ్చు."

"ఇంజెక్షన్ చేసుకుంటే చాలాండీ?"

"చాలదు. ఇదేం మంత్రం కాదు. తూచుకుని తినాలి, రోజూ నడవాలి. ఏం తిన్నారో, ఎంత నడిచారో పుస్తకంలో రాసుకోవాలి. ఇంట్లో ఎవరైనా ఉన్నారా, మొదటి వారం కాస్త కనిపెట్టుకుని ఉండటానికి?"

"ఉన్నారండి," అన్నాడాయన. ఇంట్లో ఉన్నది ఫ్రిజ్ ఒక్కటే. ఇంజెక్షన్ పెన్నుల్ని కనిపెట్టుకుని ఉండాల్సింది ఎలాగూ అదే కాబట్టి, చెప్పింది పూర్తిగా అబద్ధం కాదని సర్దిచెప్పుకున్నాడు.

సోమవారం పొద్దున్నే అద్దం ముందు బనియన్ ఎత్తిపట్టుకుని, కళ్ళు మూసుకుని పొడుచుకున్నాడు. చీమ కుట్టినట్టయినా అనిపించలేదు. ధైర్యంగా చేసుకున్నానని ఎవరికైనా చెప్పాలనిపించింది. ఎవరికి చెప్పాలో తోచక ఆఫీసుకు వెళ్ళిపోయాడు. అక్కడినుంచి డాక్టరమ్మకు ఫోన్ చేశాడు.

"మొదలుపెట్టానండీ. గుచ్చినట్టే తెలియలేదు... ఆఁ, ముందు చిన్న డోసే. ఒక్కసారిగా పెద్దదిస్తే తట్టుకోలేరు, తెలుసండీ... నాలుగు వారాలయ్యాక పెంచుదాం... లేదండీ, ఎవరికీ చెప్పలేదు."

ఫైళ్ళు పెట్టడానికి వచ్చిన అటెండరు తలుపు పక్కనే ఆగిపోయాడు. రిటైర్మెంటుకు ఆర్నెల్లున్న ఆ పెద్దమనిషిని ఆఫీసులో అందరూ 'రేడియో' అంటారు. వార్త దొరికితే ప్రసారం కాకుండా ఆగదు.

"పెద్దాఫీసు నుంచా సార్ ఫోను?" అన్నాడు రేడియో, ఫైలు దుమ్ము దులుపుతూ.

యాభై మూడేళ్ళవాడు లావు తగ్గడానికి సూదులు పొడుచుకుంటున్నాడని రేడియోకి చెప్పడమంటే ఊరంతా పోస్టర్లు అంటించినట్టే. "అదేం లేదు. నెలాఖరుకి తేలుతుందిలే అంతా," అన్నాడు ఇన్‌స్పెక్టర్, డాక్టరమ్మ దగ్గర తూకం చూసుకోవడాన్ని తలచుకుంటూ.

నెలాఖరుకి ఏం తేలుతుందో రేడియో ఆ క్షణమే తేల్చేసుకున్నాడు.

ఒంటిగంటకు ఇన్‌స్పెక్టర్ ఎదురుగా ఉన్న క్యాంటీన్‌కి వెళ్ళాడు. గోడవారగా చిన్న బల్ల, ఒకటే కుర్చీ. ఆయనతో కలిసి కూర్చునేవాళ్ళు ఎవరూ లేరు. కూర్చుంటే తోటి వ్యాపారులు అనుమానిస్తారని వ్యాపారులకు, ఆయన రాసే కేసుల్లో తామూ ఇరుక్కుంటామేమోనని ఆఫీసువాళ్ళకు భయం. క్యాంటీన్ నడిపే ఆవిడను ఊరంతా అక్క అంటుంది. ఆవిడ మాత్రం రోజూ రెండు మూడుసార్లు గరిటె పట్టుకుని వచ్చి, "ఇంకాస్త వెయ్యనా సార్?" అనేది. రోజు మొత్తంలో ఆయనతో సంతకం అవసరం లేకుండా ఎవరైనా అనే మాట అదొక్కటే. దానికి 'వద్దు' అనడానికి ఆయనకు నోరు వచ్చేది కాదు. మనిషి అలాగే లావెక్కాడు.

ఆ రోజు ఆయన సంచిలోంచి అరచేతంత కాటా తీసి బల్ల మీద పెట్టాడు. సున్నా సరిచూశాడు. అన్నం తూచి, సగం వెనక్కి తీశాడు. కూర తూచాడు. పుస్తకంలో రాసుకున్నాడు. క్యాంటీన్‌లో చెంచాల చప్పుడు ఆగిపోయింది.

అక్క గరిటెతో వచ్చి, "ఇంకాస్త... వెయ్యనా సార్?" అంది.

"వద్దమ్మా."

నాలుగేళ్ళలో అదే మొదటి 'వద్దు'. అక్క మొహం మాడిపోయింది. ఆవిడ వంటింట్లోకి వెళ్ళేసరికి పెరటి గుమ్మం దగ్గర రేడియో ప్రసారం మొదలైంది.

"కాటాల మీద దాడి ఉందక్కా. పైనుంచి ఆర్డరు. నా చెవులారా విన్నాను. ముందు చిన్న డోసట, నెలాఖరుకి పెద్దదట. గుచ్చినట్టే తెలియకుండా గుచ్చుతాడట! దాడి చేసే చోట ఉప్పు తినకూడదని తిండి తగ్గించేశాడు చూడు."

సాయంత్రం నడక ఆ వార్తను ఖాయం చేసింది. ఇన్‌స్పెక్టర్ వంద అడుగులకొకసారి ఊపిరి కోసం ఆగేవాడు. ఆగినచోట గడియారం చూసి పుస్తకంలో అడుగులు రాసుకునేవాడు. మొదటిసారి ఆగింది ధాన్యం షావుకారు కొట్టు ముందు. రెండోసారి పండ్ల బండి ముందు. మూడోసారి చేపల ఆవిడ గంప దగ్గర వికారం తన్నుకొచ్చి, నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపుతూ వెనక్కి తిరిగాడు.

"నా చేపల్ని చూసి మూతి మూసుకున్నాడయ్యా! పొద్దున పట్టిన చేపలు!" అని ఆవిడ లబోదిబోమంది.

"నువ్వు నయం. నా కొట్టు ముందు ఆగి టైము కూడా రాసుకున్నాడు," అన్నాడు షావుకారు, చెమట తుడుచుకుంటూ.

మర్నాటినుంచి మార్కెట్లో తూకాలు సరయ్యాయి. వారం తిరిగేసరికి సరిని దాటిపోయాయి. కిలో అడిగితే కిలో, పైన గుప్పెడు. ఈ వింత చూడటానికి పక్క వీధులనుంచి కూడా జనం వచ్చి కొన్నారు. షావుకారు పాత కాటా పక్కన కొత్త కాటా పెట్టి, రెండింటిలోనూ తూచి, ఏది తక్కువ చూపిస్తే దానికి లొంగిపోయేవాడు.

ఇన్‌స్పెక్టర్‌కి ఇవేవీ తెలియవు. ఆయనకు తెలిసిందల్లా, తను వీధిలోకి రాగానే జనం రెండుగా చీలి దారి ఇస్తున్నారని. అందరూ దండాలు పెడుతున్నారు, ఎవరూ పలకరించడం లేదు. అంతకుముందు కనీసం పండ్లతను, "ఏం సార్, ఇటొచ్చారు?" అనేవాడు. ఇప్పుడు కళ్ళు దించుకుని పండ్లు తుడుస్తున్నాడు, తుడిచినవే మళ్ళీ తుడుస్తున్నాడు.

మందు మాత్రం చెప్పినట్టే పనిచేసింది. పొద్దున లేచినప్పటినుంచీ ఏం తినాలి, ఎప్పుడు తినాలి అని తలలో నడుస్తూ ఉండే గోల రెండో వారానికే ఆగిపోయింది. గోల ఆగాకే ఇంట్లో ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఆయనకు తెలిసివచ్చింది. ఇన్నాళ్ళూ ఆకలేస్తే లేచేవాడు, వంటింట్లోకి నడిచేవాడు, డబ్బాలు తీసేవాడు, చప్పుడయ్యేది. ఇప్పుడు కూర్చుంటే కూర్చున్నట్టే. ఒక ఆదివారం సాయంత్రం ఊరికే ఫ్రిజ్ తలుపు తీసి, అందులో దీపం వెలగడం చూసి, మళ్ళీ వేసేశాడు.

క్యాంటీన్‌లో ఇంకా కష్టమైంది. అక్క గరిటె పట్టుకుని రావడం మానేసింది. ఆయన వెళ్ళేసరికి ప్లేటు సిద్ధంగా ఉండేది. అన్నం నూట ఇరవై గ్రాములు, కూర ఎనభై. ఆవిడే కాటా కొని తూచి పెట్టింది. గ్రాము తేడా లేదు. ఉద్యోగంలో ముప్పై ఏళ్ళుగా ఆయన ఎంత వెతికినా కనబడనంత కచ్చితమైన తూకం. ఆయన పది నిమిషాల్లో తినేసి లేచి వచ్చేవాడు. కూర్చోవడానికి ఇంకో కారణం లేకపోయింది.

"బరువు ఎంత తగ్గారో నెలాఖరుకి చూద్దాం. ఎలా ఉంది మీకు?" అని డాక్టరమ్మ ఫోన్‌లో అడిగింది.

"ఆకలి లేదండీ."

"మంచిదేగా?"

"మంచిదేనండీ," అన్నాడాయన. ఫోన్ పెట్టేశాక కూడా కాసేపు చెవి దగ్గరే పెట్టుకుని ఉన్నాడు.

నాలుగో సోమవారం ఉదయం ఆయన బనియన్ మీద ఉండి ఫ్రిజ్‌లోంచి పెన్ను తీసేసరికి కాలింగ్ బెల్ మోగింది. ఆ బెల్ మోగుతుందన్న సంగతే ఆయన మర్చిపోయాడు. తలుపు తీస్తే ధాన్యం షావుకారు, పండ్లతను, చేపల ఆవిడ, వెనకాల అక్క, అందరికంటే వెనక రేడియో.

ఆయనకు ముందు కలిగింది సంతోషం. మా ఇంటికి మనుషులొచ్చారు! "రండి, రండి," అని పెన్ను చేతిలో పట్టుకునే కుర్చీల కోసం పరుగెత్తాడు. ఉన్నది ఒక్క కుర్చీ. స్టూలు తెచ్చాడు. బకెట్ బోర్లించాడు. ఆయన వెనక్కి తిరిగేసరికి ఎవరూ కూర్చోలేదు. షావుకారు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మీకు తెలియనిదేముంది సార్. కిలోకి నలభై గ్రాములు. అంతకుమించి ఒక్క గ్రాము తిన్నట్టు రుజువైతే కొట్టు మూసేస్తాను. మా నాన్న కాలంనుంచీ వస్తున్న నలభై. పెద్దల ఆచారం, నేను పెంచలేదు."

"షావుకారు గారూ, ఒక్క నిమిషం..."

"నాది తూచే గంపలో తడిగుడ్డ కింద రాయి సార్," అని చేపల ఆవిడ కళ్ళొత్తుకుంది. "పెద్ద రాయి కాదు."

"నా కాటా కింద అయస్కాంతం ఉంది," అన్నాడు పండ్లతను. "ఇన్నాళ్ళూ పైన రెండు కాయలు వేసి సర్దాను. ఇవాళే తీసేస్తాను సార్."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఆయన విన్నాడు. ఇలా గుమ్మడికాయల్నే మోసుకొచ్చి ఇంట్లో దించడం ఎప్పుడూ వినలేదు. బనియన్ ఎత్తి, అందరి ముందే పెన్ను పొట్టకు ఆనించి నొక్కాడు. చిన్నగా టిక్కుమంది.

"నాలుగు వారాలుగా నేను చేస్తున్న దాడి ఇదీ," అన్నాడు. "లావు తగ్గడానికి. డోసంటే ఇదే. నెలాఖరుకి తేలేది నా తూకం. ఊపిరాడక ఆగాను, అడుగులు రాసుకున్నాను. మందు పడక చేపల దగ్గర వికారం వచ్చింది. చేపలది తప్పు కాదు."

అందరూ మెల్లగా రేడియో వైపు తిరిగారు. రేడియో పైకప్పు వైపు చూశాడు.

"అంటే... దాడి లేదా సార్?" అన్నాడు షావుకారు.

"లేదు."

"మరి మేం ఇప్పుడు చెప్పిందంతా?"

"విన్నాను."

"విననట్టు ఉండటానికి వీలవుతుందా?"

"ఆకలికి మందుంది షావుకారు గారూ. చెవులకు లేదు."

షావుకారు బకెట్ మీద కూలబడ్డాడు. కాసేపటికి తన పొట్టవైపు ఒకసారి చూసుకుని, "పోనీ, ఈ సూది ఎక్కడ దొరుకుతుంది సార్?" అన్నాడు.

"డాక్టరు పరీక్ష చేసి రాసిస్తేనే. అందరికీ పడదు. ఒకరి చీటీతో ఇంకొకరు వాడకూడదు. ఇంకో మాట. పదిన్నరకు మీ కొట్టుకే వస్తున్నాను. ఆ కాటా అక్కడే ఉంచండి."

వాళ్ళు వచ్చినంత వినయంగా వెళ్ళలేదు. చేపల ఆవిడ మెట్లు దిగేటప్పుడు అనాల్సినవి వినబడేలాగే అంది. ఇల్లు మళ్ళీ ఖాళీ అయింది. ఆయన బకెట్ తీసి యథాస్థానంలో పెట్టబోయి చూస్తే, అక్క గుమ్మం దగ్గరే నిలబడి ఉంది.

"మీరు చెప్పుకోవాల్సింది ఏం లేదు కదమ్మా?"

"ఉంది సార్. నాది కూడా తప్పు తూకమే." ఆవిడ చెంగు వేలికి చుట్టుకుంది. "అందరికీ రెండు గరిటెలు. మీ ప్లేటుకి ముందే నాలుగు వేసేదాన్ని. ఆ పైన మళ్ళీ అడిగేదాన్ని. నాలుగేళ్ళుగా."

"ఎందుకు?"

"ఎక్కువ వేస్తే ఎక్కువసేపు కూర్చుంటారని." ఆవిడ నేల చూసింది. "మీరు వెళ్ళాక సాయంత్రం దాకా క్యాంటీన్‌లో ఎవరూ ఉండరు సార్. కాటా తెచ్చి సగం తీసేసినప్పుడు, కనిపెట్టేశారనుకున్నాను. మీ బరువులో ఎన్ని కిలోలు నావో లెక్కకట్టండి, ఒప్పుకుంటాను."

ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇన్‌స్పెక్టర్ తక్కువ తూచినందుకు కారణాలు వందల కొద్దీ విన్నాడు. ఎక్కువ తూచినందుకు కారణం వినడం ఇదే మొదటిసారి. "కూర్చోమ్మా," అన్నాడు చివరికి. ఆవిడ కుర్చీలో కూర్చుంది. ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. పది దాటాక ఎవరి పనికి వాళ్ళు వెళ్ళారు.

ఆ రోజు మార్కెట్లో మూడు కేసులు రాశాడు. ఆ తర్వాత దండాలు కూడా ఆగిపోయాయి. నెలాఖరుకి తూచితే మూడు కిలోలు తగ్గాడు. డాక్టరమ్మ బాగుందని, నడక మానొద్దని చెప్పి డోసు పెంచింది. ఇప్పటికీ ఒంటిగంటకు క్యాంటీన్‌కి వెళ్తాడు. అర ప్లేటు అన్నాన్ని రెండు గంటలసేపు తినడం కష్టమే గానీ, ఎదురుగా ఇంకో కుర్చీ వేసుకుని అక్క తన భోజనం తను పెట్టుకుని కూర్చుంటుంది కాబట్టి ఎలాగో నెట్టుకొస్తున్నాడు.

అక్క మీద రాయాల్సిన కేసు మాత్రం ఇంకా పెండింగులోనే ఉంది. తక్కువ తూచినవాళ్ళకు చట్టంలో సెక్షన్లు బోలెడున్నాయి గానీ, ఎక్కువ వడ్డించినవాళ్ళను ఏం చెయ్యాలో అందులో ఎక్కడా రాయలేదు.