చెత్త పుట్టని వీధి

1934లో, సంక్రాంతితో మొదలయ్యే తై నెలలో, కోవిల్‌పట్టిలోని మా వీధికి శుభ్రతా సంఘం ఏర్పడిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ప్రారంభ సభలో అధ్యక్షులు జగన్నాథన్ గారు గంటన్నరసేపు మాట్లాడారు. "ఏ ఇంటి చెత్తకు ఆ ఇంటివారే బాధ్యులు. పొరుగు వాకిట్లో పోయడం నాగరికత కాదు" అన్నారు. చప్పట్లు కొట్టాం. తర్వాత విందు. నూట ఇరవై ఎంగిలాకులు తంగమ్మ వాకిట్లో పడ్డాయి.

తంగమ్మ వీధి చివర ఒంటరిగా ఉంటుంది. ఒక్క పాడిగేదె మీదే ఆమె బతుకు. వీధి మొత్తానికి పాలు పోసేది ఆమే. పాలు తెచ్చినవారిని వట్టి చేతులతో పంపకూడదు గదా, అందుకని మా చెత్తంతా ఆమెకే పంపేవాళ్ళం.

సంఘం మొట్టమొదట ఆ కుప్పనే పరీక్షించింది. అరిటాకులు, కాఫీ పిప్పి, విరిగిన గొడుగు ఊచలు, ఒక ఇంగ్లీషు పత్రిక దొరికాయి. పక్కనే గేదె కట్టి ఉన్నందున కుప్ప గేదెదేనని తీర్మానించారు. మూడు రోజుల్లో తీయకపోతే గేదెను బందెలదొడ్డికి తోలిస్తామని నోటీసు అంటించారు.

"నా ఎనుము కాపీ తాగదు సామీ. దానికి ఇంగిలీసూ రాదు" అంది తంగమ్మ.

"వాదనలు రాతపూర్వకంగా ఉండాలి" అన్నారు అధ్యక్షులు.

తంగమ్మకు రాయడం రాదు. అన్న గురుసామి బండి అడిగి, రెండు రోజుల్లో కుప్పనంతా ఊరవతల అతని చేనుకు తోలేసింది.

మూడోనాడు పొద్దున్నే చెత్తబుట్టలతో వెళ్ళిన మేము నిర్ఘాంతపోయాం. కుప్ప లేదు. ఆ చోట పేడతో అలికి ముగ్గు వేసి ఉంది. ముగ్గు మీద చెత్త పోసేంత అనాచారులం కాము. వెంటనే సంఘానికి అర్జీ పెట్టాం: తొమ్మిదేళ్ళుగా మా అనుభవంలో ఉన్న కుప్పను యథాస్థానంలో ఉంచాలి, లేదా గేదెను బందెలదొడ్డికి పంపాలి. వీధిలో కాలేజీ చదివినదాన్ని నేనే గనుక, దాన్ని ఇంగ్లీషులో రాసే గౌరవం నాకు దక్కింది.

విచారణకు తంగమ్మ బండెడు చెత్తతో హాజరైంది.

"తెచ్చేసినా సామీ. ఏది ఎవురిదో చెప్తే వాళ్ళ వాకిట్లోనే దించేస్తా. కమలక్కా, ఈ కాపీ పిప్పి మీదేనా?"

"మేము కంజి తాగేవాళ్ళం తంగమ్మా" అంది ఎదురింటి కమలం. పొద్దున మూడు గ్లాసులు తాగిన నోరది.

ఊచలు చూపిస్తే, తాము పుట్టి గొడుగు ఎరుగమని అధ్యక్షులు సెలవిచ్చారు. చంకలోని కొత్తదాన్ని మెల్లగా వెనక్కి మార్చుకున్నారు. పత్రిక వంతు వచ్చేసరికి నా చదువంతా మరిచిపోయాను.

కాబట్టి మా వీధిలో ఏ ఇంటా చెత్త పుట్టదని సంఘం నమోదు చేసింది. ఎవరికీ చెందని కుప్ప కోసం గేదెను తోలించడం కుదరలేదు. అది తంగమ్మ వాకిట్లోనే నెమరు వేస్తోంది. అధ్యక్షులకు పూలదండ వేశాం.

మరి ఆ బుట్టలు రోజూ ఎక్కడికి పోతున్నాయని మీరు అడగవచ్చు. సంఘం దగ్గర దానికి జవాబు లేదు. ఒకసారి తలుపు తీసి చూడండి, మీ వాకిట్లోనే ఉండవచ్చు.