గీత కదలకూడదు

మేస్త్రి ఆ ఉదయం పెట్టుకున్న పని ఒక్కటే. పెద్ద టెలిస్కోపు కోసం మూడేళ్లుగా బిగిస్తూ వచ్చిన స్పెక్ట్రోగ్రాఫును ఆఖరిసారి పరీక్షించి, సాయంత్రం ఐదింటికి లారీ ఎక్కించడం. అదే ఐదింటికి ఆయన ఉద్యోగమూ ముగుస్తుంది. నక్షత్రాల వెలుగును రంగులుగా విడదీసే ఆ పెట్టెలో ప్రతి స్క్రూ ఆయన చేతిదే. పరీక్షకు దీపం వెలిగిస్తే గదిలోని తెర మీద ఒక గీత పడుతుంది. అది గంటసేపు కదలకూడదు. ఆ గంట కళ్లారా చూసి వెళ్లాలని ఆయన కోరిక. ఈ మూడేళ్లలో ఆయన ఇంకో కోరిక కోరినట్టు ఇంట్లోవాళ్లకు గుర్తు లేదు.

తొమ్మిదింటికి గీత వెంట్రుకవాసి కదిలింది.

"బాబాయ్, జరిగింది కదూ?" అంది ప్రాజెక్టు నడుపుతున్న శాస్త్రవేత్త.

"జరగలేదమ్మా. ఊపిరి పీల్చుకుంది, అంతే."

ఆమె నమ్మక, అద్దాల నిపుణుణ్ణి పిలిపించింది. ఆయన తెరకు ముక్కు ఆనించి చూసేసరికి గీత ఇంకాస్త జరిగింది. ఆయన కరెంటు పని చూసే ఇంజనీరును పిలిచాడు. ఆ ఇంజనీరు ఒంటరిగా నింద మొయ్యడం ఇష్టంలేక మరో నలుగురిని వెంటబెట్టుకొచ్చాడు. మనిషి వచ్చినప్పుడల్లా గీత జరుగుతూనే ఉంది. చివరికి డైరెక్టరుగారే దయచేశారు.

"ఏదయ్యా మీ గీత?"

"అక్కడ ఉండాలండి," అన్నాడు మేస్త్రి. "ఇక్కడుంది."

తలా ఒక లోపం కనిపెట్టారు. ఒక్కటీ ఎవరి విభాగానిదీ కాదు. పెట్టె విప్పాల్సిందేనన్నారు. విప్పితే మళ్లీ బిగించడానికి ఆరునెలలు పడుతుంది. మేస్త్రికి మెడ మీద చెమట తుడుచుకుంటుంటే అనుమానం వచ్చింది. ఈ చలిగదిలో చెమటేమిటి? గోడ మీది థర్మామీటరు చూస్తే, పొద్దుటికన్నా పైకెక్కి ఉంది.

"ఇక్కడ మనుషుల వేడి తగలకూడదని నియమం రాసిందెవరండీ?" అని అడిగాడు.

రాసింది వాళ్లే.

"అది బయటివాళ్లకయ్యా," అన్నారు డైరెక్టరుగారు. అయినా అందరితోపాటు బయటికి నడిచారు.

గీత మెల్లగా వెనక్కి రావడం మొదలుపెట్టింది. రెండున్నరకు దాదాపు తన చోటికి చేరి, అక్కడే ఆగిపోయింది. ఇంకా రవ్వంత తేడా ఉంది.

"ఇంకా ఎవరో ఉన్నట్టున్నారు బాబాయ్," అంది శాస్త్రవేత్త గుమ్మం అవతలి నుంచి, చాలా నెమ్మదిగా.

మేస్త్రి గదంతా కలయజూశాడు. ఎవరూ కనబడలేదు. మూడేళ్లుగా ఆ పెట్టెనే అంటిపెట్టుకున్నవాడికి తననూ లెక్కలో వేసుకోవాలని తోచలేదు. తోచాక బయటికొచ్చి, తలుపు వేసి, వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు.

నాలుగున్నరకు, గీత జాడను తనంతట తానే నమోదు చేసే లోపలి యంత్రం తీసిన కాగితం చూశారు. గంట దాటినా గీత ఇసుమంతైనా కదల్లేదు. శాస్త్రవేత్త ఆయన రెండు చేతులూ పట్టుకుంది. డైరెక్టరుగారు ఒక ఫారం అందించారు. పరీక్షను మొదటినుంచి చివరిదాకా దగ్గరుండి చూసినవారి పేరు రాయాలట. మేస్త్రి పెన్ను తీసుకుని, "ఎవరూ లేరు" అని రాశాడు.

సాక్షి లేని పరీక్ష చెల్లదని ఆఫీసువాళ్లు ఆ ఫారాన్ని తిప్పి పంపారు. అప్పటికే లారీ గేటు దాటింది, మేస్త్రి కూడా.